విమానం కిటికీలోంచి చాంద్ కనిపించిందంటే... గాలి మన చూపును ఎంత వంచుతుంది?

షాబాన్ 29వ తేదీ సాయంత్రం నారాయణగూడలో డాబాలన్నీ నిండిపోతాయి. మగ్రిబ్ నమాజు అవగానే పిల్లలు ముందు, పెద్దవాళ్లు వెనక మెట్లెక్కుతారు. పడమర వైపు చూద్దామంటే ఒకటే అపార్ట్‌మెంట్లు, వాటర్ ట్యాంకులు, సెల్ టవర్లు, వాటి వెనక ఎక్కడో నౌబత్ పహాడ్. మిగిలిన కాస్త ఆకాశంలో మబ్బు, దుమ్ము. "కనిపించిందా?" అని ఈ డాబా మీద నుంచి ఆ డాబాకు కేకలు. సరిగ్గా అప్పుడే ఎవరింటికో ఫోన్ వస్తుంది. గల్ఫ్ నుంచి వస్తున్న మామూనో, ఉమ్రా చేసి తిరిగొస్తున్న ఖాలానో శంషాబాద్‌లో దిగగానే చెప్పే మాట: "ఫ్లైటులో కిటికీలోంచి చూశాను, చాంద్ ఉంది!"

ఇక ఇంట్లో చర్చ మొదలు. ఒకరు సంబరపడతారు. ఇంకొకరు, సాధారణంగా అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న కుర్రాడు, అడ్డు తగులుతాడు. "అంత స్పీడులో పోయే విమానం చుట్టూ గాలి సుడులు తిరుగుతుంటుంది. ఆ గాలిలోంచి కనిపించేదంతా వంకరే. నమ్మడానికి లేదు" అంటాడు.

విమానంలో చూసిన సాక్ష్యం చెల్లుతుందా లేదా అన్నది ఉలమా, రుయ్యతె హిలాల్ కమిటీ తేల్చాల్సిన మాట. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. కానీ ఆ కుర్రాడి మాటలో ఒక సైన్సు ప్రశ్న ఉంది. దానికి జవాబు చెప్పుకోవచ్చు. అతను సగం కరెక్టు. మిగతా సగంలోనే అసలు సంగతి ఉంది.

గాలి పారదర్శకం, నిజమే. కానీ అది కాంతిని కొంచెం వంచుతుంది. శూన్యంలో కంటే గాలిలో కాంతి కాస్త నెమ్మదిగా పోతుంది. భూమి మీద మనం పీల్చే గాలిలో ఆ తేడా లక్షకు 29 వంతులు మాత్రమే. ఇంత చిన్న తేడాతో ఏమవుతుంది అనిపిస్తుంది. గాలంతా ఒకేలా ఉంటే నిజంగానే ఏమీ కాదు. చిక్కు ఎక్కడంటే, వేడి గాలి పల్చన, చల్ల గాలి చిక్కన. రెండూ కలగాపులగంగా తిరుగుతుంటే కాంతి ఒక చోట ముందుకు, ఒక చోట వెనక్కు అవుతూ వస్తుంది.

రంజాన్‌లో దీన్ని అందరం చూస్తూనే ఉంటాం. హలీం భట్టీ పక్కన నిలబడి, భట్టీ మీదుగా అవతల ఉన్న బోర్డు చదవడానికి ప్రయత్నించండి. అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. బోర్డు కదలడం లేదు. మధ్యలో ఉన్న వేడి గాలి కదులుతోంది. ఒక గ్లాసు నీళ్లలో పంచదార వేసి కదపకుండా వదిలేసినా ఇంతే, పలుకుల దగ్గర నుంచి సన్నని తీగల్లాంటి చారలు కనిపిస్తాయి. చక్కెర నీళ్లూ పారదర్శకమే, మామూలు నీళ్లూ పారదర్శకమే. రెండింటి మధ్య తేడా మాత్రం కంటికి దొరికిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ టోప్లర్ 1860లలో ఈ చారలనే కంటికి స్పష్టంగా చూపించే పద్ధతి కనిపెట్టాడు. విమానాల రెక్కల చుట్టూ గాలి ఎలా పోతుందో చూడటానికి ఆ పద్ధతి ఇప్పటికీ వాడతారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే కాంతి వేగంలో వచ్చే మార్పు సుమారు పది లక్షల్లో ఒక వంతు. ఆ వేడి గాలి పొర ఒక మీటరు మందం ఉందనుకోండి. దాన్ని దాటి వచ్చేసరికి కాంతి పక్కనున్న కాంతి కంటే మీటరులో పది లక్షల వంతు, అంటే ఒక మైక్రాన్ అటూ ఇటూ అవుతుంది. తల వెంట్రుక మందంలో ఇది వందో వంతు కూడా ఉండొచ్చు. కానీ కాంతి తరంగం పొడవే అర మైక్రాన్. అంటే రెండు తరంగాలంత తేడా వచ్చేసింది! మంచి టెలిస్కోపు అద్దాన్ని తరంగంలో పదో వంతు తప్పు కూడా రాకుండా అరగదీస్తారు. అలాంటిచోట ఒక్క డిగ్రీ వేడి రెండు తరంగాల గల్లంతు చేస్తుంది. నక్షత్రాలు మిణుకుమిణుకుమనేది ఈ లెక్కవల్లే.

మన ఊరికి ఈ బాధ కొత్తది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ధనవంతుడు సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి హైదరాబాద్‌లో పెట్టాడు. ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీగా నడిపింది. ప్రపంచమంతా కలిసి ఆకాశానికి నక్షత్రాల పటం గీస్తున్న రోజుల్లో అందులో ఒక పెద్ద భాగం ఈ అబ్జర్వేటరీ వంతుకు వచ్చింది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఇక్కడ కొలిచారు. 1919 నుంచి అది ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. 1940లలో డైరెక్టరైన అక్బర్ అలీ ఇంకా పెద్ద టెలిస్కోపు కావాలని పట్టుబట్టారు. ఆ 48 అంగుళాల టెలిస్కోపు చివరికి 1968లో పనిలోకి వచ్చింది, కానీ బేగంపేటలో కాదు, ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో. కారణం నగరం పెరిగిపోవడం. వెలుతురు, దుమ్ము, కాంక్రీటు రాత్రంతా వదిలే వేడి, ఇవేవీ టెలిస్కోపుకు పడవు. అదే బేగంపేటలో ఎయిర్‌పోర్టు కూడా ఉండేది. 2008 మార్చిలో అది కూడా శంషాబాద్‌కు వెళ్లిపోయింది. విమానాలు, టెలిస్కోపు రెండూ ఒకే పేట నుంచి ఊరి బయటికి పోవడం చూస్తే నాకెందుకో నవ్వొస్తుంది.

మరి టెలిస్కోపును గాలి పైకే తీసుకుపోతే? 35 వేల అడుగుల ఎత్తుకు పోతే గాలిలో సుమారు మూడు వంతులు కిందే ఉండిపోతుంది. దుమ్ము, తేమ దాదాపు ఉండవు. అమెరికావాళ్లు ఈ పని నిజంగా చేశారు. 1974 నుంచి 1995 దాకా ఒక మిలిటరీ విమానంలో 91 సెంటీమీటర్ల టెలిస్కోపు పెట్టి తిప్పారు. యురేనస్ గ్రహానికి వలయాలున్నాయని 1977లో తెలిసింది దానివల్లే. తర్వాత జర్మనీతో కలిసి బోయింగ్ 747 విమానం పక్క గోడకు పెద్ద తలుపు కోసి, లోపల 2.7 మీటర్ల అద్దం బిగించారు. దాని పేరు సోఫియా. 2022 సెప్టెంబర్ దాకా ఎగిరింది. ఎగురుతుండగా ఆ తలుపు తెరిచే చూసేవారు.

విమానం ఆకాశంలో నిలబడి ఉండదు కదా. గంటకు 850 కిలోమీటర్లకు పైగా పోతుంది. బయట గాలి మైనస్ 55 డిగ్రీలు. కానీ విమానం ఒంటికి అంటుకుని ఉన్న గాలి రాపిడికి, ఒత్తిడికి వేడెక్కుతుంది. ఆ వేగంలో ఈ తేడా సుమారు 25 డిగ్రీలు. విమానం ఒంటి వెంట ఈ వెచ్చని గాలి ఒక పొరలా పాకుతూ వెనక్కు పోతుంది. ముక్కు దగ్గర సన్నగా ఉంటుంది, తోక వైపు పోయేకొద్దీ మందమవుతుంది. ఆ పొరలో గాలి నున్నగా జారదు, చిన్నాపెద్దా సుడులుగా తిరుగుతుంది. బయటి చల్ల గాలి లోపలికి, లోపలి వెచ్చని గాలి బయటికి. అంటే మన హలీం భట్టీ విమానం ఒంటికి అంటుకుని ప్రయాణం చేస్తున్నట్టే.

సోఫియా లాగా తలుపు తెరిచి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. లోపల గాలి నిలకడగా ఉంటుంది, బయట గాలి దూసుకుపోతుంటుంది. ఆ రెండూ రాసుకునే చోట పెద్ద సుడులు పుడతాయి. తలుపు వెనక అంచును గాలి సాఫీగా జారేలా వంపుగా కట్టి ఆ గోలను కొంత తగ్గించారు. ఇంజినీర్లు ఈ సబ్జెక్టుకు ఏరో-ఆప్టిక్స్ అని పేరు పెట్టుకున్నారు. నక్షత్రాలను మిణుకుమనిపించేది కిలోమీటర్ల మందం ఉన్న వాతావరణం. ఇక్కడ పొర మందం కొన్ని సెంటీమీటర్ల నుంచి మహా అయితే మీటరు లోపు. పొర చిన్నది, కానీ అల్లరి చాలా తొందర తొందరగా జరుగుతుంది.

ఎంత తొందర? సుడి పది సెంటీమీటర్లు ఉందనుకుందాం. సెకనుకు 200 మీటర్లకు పైగా వేగంతో అది మన అద్దం ముందు నుంచి పోతుంది. అంటే సెకనుకు రెండు వేల సుడులు. భూమి మీది పెద్ద టెలిస్కోపులకు గాలి వంకరను సరిచేసే రబ్బరులాంటి అద్దాలుంటాయి. కంప్యూటర్ చెప్పినట్టు అవి సెకనుకు వందల సార్లు, వెయ్యి సార్లు ఆకారం మార్చుకుంటాయి. విమానం మీద అది చాలదు. సుడి వచ్చిందని కనిపెట్టి అద్దం వంగేలోపు ఆ సుడి పోయి ఇంకోటి వచ్చేస్తుంది.

ఈ సుడుల వల్ల కాంతి తరంగంలో సగటున పదో వంతు మైక్రాన్ గల్లంతు అయిందనుకోండి. పెద్ద అద్దంతో, కంటికి కనిపించే కాంతిలో నక్షత్రాన్ని చూస్తే నడిమధ్య ఉండాల్సిన వెలుగులో 20 శాతమే మిగులుతుంది. మిగతాదంతా చుట్టూ చెదిరిపోతుంది. అదే ఒక మైక్రాన్ పొడవు తరంగంతో చూస్తే 67 శాతం దాకా నిలుస్తుంది. పది మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే 99 శాతం దాటి, గాలి ఏమీ చేయనట్టే. అలలు ఎంత పెద్దవైతే చిన్న గుంతలను అంత పట్టించుకోవు. సోఫియా ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌లోనే పనిచేసింది. పైన తేమ లేకపోవడం దానికి మొదటి కారణం, గాలి సుడుల బాధ తక్కువ కావడం ఇంకో లాభం.

ఈ లెక్క ఖగోళ శాస్త్రజ్ఞులకే కాదు, మిలిటరీకి కూడా ప్రాణం మీదికి వచ్చే లెక్క. 1983లో అమెరికావాళ్లు విమానం మీద లేజర్ పెట్టి, ఎగురుతున్న చిన్న మిసైళ్లను పడగొట్టి చూపించారు. దాని తరంగం పొడవు పది మైక్రాన్లకు పైనే, కాబట్టి సుడులు పెద్దగా అడ్డు రాలేదు. ఆ తర్వాత తక్కువ తరంగం లేజర్ల వైపు పోయారు. తరంగం చిన్నదైతే కాంతిని దూరంలో చిన్న చుక్కగా కూడగట్టొచ్చని ఆశ. కానీ అదే చిన్న తరంగం గాలి సుడులకు సులువుగా చెదిరిపోతుంది. ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోయినట్టు. 747 ముక్కు మీద బిగించిన వాళ్ల పెద్ద లేజర్ 2010 ఫిబ్రవరిలో ఒక మిసైల్‌ను కాల్చగలిగింది, అయినా తర్వాతి ఏడాదికల్లా ఆ ప్రాజెక్టు మూసేశారు. ఖర్చు, దూరం, రకరకాల కారణాలు.

మన దగ్గర ఇలాంటి లేజర్ల పని జరుగుతున్నది హైదరాబాద్‌లోనే. డీఆర్‌డీఓకు చెందిన చెస్ అనే సంస్థ తయారు చేసిన లేజర్‌ను 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర పరీక్షించారు. అది ఎగిరే డ్రోన్లను కాల్చింది. అది నేల మీద వాహనంలో పెట్టినది, కాబట్టి దానికి అడ్డొచ్చేది ముందున్న మామూలు గాలి, దుమ్ము, ఎండ వేడి. రేపు అలాంటిది విమానం మీదికి ఎక్కిస్తే ఈ ఒంటికి అంటుకున్న సుడులు కూడా లెక్కలోకి వస్తాయి. వేగంగా పోయే మిసైల్ ముక్కులో ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంటే దానిదీ ఇదే కథ, ఇంకా వేడిగా. 1980లలో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా అబ్దుల్ కలాం గారు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు వేసిన పునాదుల మీదే ఇక్కడి మిసైల్ ల్యాబులు ఇవాళ ఈ కళ్ల పని చేస్తున్నాయి. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఈ పనికి ఫిజిక్సూ కావాలి, ఏరోనాటిక్సూ కావాలి. రెండూ తెలిసినవాళ్లు తక్కువ.

సరే, మామూ చూసిన చాంద్ సంగతికి వద్దాం.

పైన చెప్పిన గొడవంతా పెద్ద అద్దాలకు. మన కంటిపాప వెడల్పు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. సుడి కంటే అది చాలా చిన్నది. సుడి ముందు కన్ను అంటే చెరువు అల మీద తేలే బియ్యం గింజ. పడవ అయితే ఒక కొన పైకి, ఒక కొన కిందికి అయి మెలితిరుగుతుంది. గింజ మాత్రం కాస్త అటూ ఇటూ ఊగుతుంది, అంతే. విమానం సుడుల వల్ల కంటికి కలిగే ఆ ఊపు లెక్క వేస్తే ఒక ఆర్క్‌సెకను కూడా రాదు. మన కన్ను పట్టుకోగలిగేది 60 ఆర్క్‌సెకన్ల తేడాను. కాబట్టి ఒంటికి అంటుకున్న గాలి పొర కంటికి చాంద్‌ను వంకర చేయదు, లేని చాంద్‌ను చూపించదు, ఉన్నదాన్ని దాచదు. కుర్రాడి మాటలో తప్పిన సగం ఇది.

అయితే కిటికీ చూపు మోసం చేయదా అంటే, చేస్తుంది. వేరే కారణాలతో. మొదటిది ఇంజిన్ పొగ. రెక్క కింది ఇంజిన్ వెనక నుంచి వందల డిగ్రీల వేడి గాలి వస్తుంది. రెక్క వెనక సీట్లో కూర్చుని, కిందికి గానీ వెనక్కు గానీ చూస్తే దృశ్యం వణకడం ఎవరికైనా కనిపిస్తుంది. రెండోది కిటికీ. అది గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్. ఒకటి కాదు, రెండు మూడు పొరలు. వాటి మీద గీతలు, చెమ్మ, పాత ప్రయాణికుల వేలిముద్రలు. క్యాబిన్ లైటు ఒకటి వాటి మధ్య ప్రతిఫలించి సన్నని వంపు గీతలా కనబడిందంటే, చాంద్ కోసం తహతహలాడే కంటికి అది చాంద్ కాకుండా పోతుందా? తల కొంచెం జరిపి చూడాలి. నిజమైన చంద్రుడు ఆకాశంలో తన చోటే ఉంటాడు. ప్రతిబింబం తలతో పాటు జరుగుతుంది.

ఎత్తు సంగతి కూడా చాలామంది తప్పుగా అనుకుంటారు. 35 వేల అడుగుల మీద దిక్చక్రం మూడు డిగ్రీలకు పైగా కిందికి దిగుతుంది. నేల మీద చంద్రుడు అస్తమించిన తర్వాత కూడా 13, 14 నిమిషాల పాటు విమానంలో వాళ్లకు కనిపించే వీలుంది. "చూశారా, ఎంత లాభమో" అంటారు. కానీ సూర్యుడు కూడా వాళ్లకు అంతే ఆలస్యంగా అస్తమిస్తాడు! సూర్యాస్తమయానికి, చంద్రాస్తమయానికి మధ్య ఉన్న వ్యవధి పెద్దగా మారదు. నిజమైన లాభం ఏమిటంటే కింది దుమ్ము, మబ్బు తప్పడం, ఆకాశం కొంచెం ముదురుగా ఉండటం. అది కూడా చంద్రుడు కంటి ఎత్తులో గానీ పైన గానీ ఉన్నప్పుడే. మరీ కింద ఉంటే చూపు మళ్లీ కింది మందపు గాలిలోంచే పోవాలి.

దిశ ఇంకో తంటా. జెద్దా నుంచి హైదరాబాద్ వచ్చే విమానం తూర్పుకు పోతుంది. నెలవంక పడమట, అంటే తోక వైపు. పక్క కిటికీలోంచి దాన్ని చూడటం చాలా కష్టం. హైదరాబాద్ నుంచి జెద్దా పోయేటప్పుడు సూర్యుడిని తరుముతూ పోతాం కాబట్టి సంధ్య వెలుగు ఎక్కువ సేపు ఉంటుంది, కానీ అప్పుడు చంద్రుడు ముక్కు వైపు. పైలట్లకే చక్కగా కనిపించేది. పైగా అరేబియా సముద్రం మీద కనిపించిన నెలవంక నారాయణగూడ ఆకాశంలో కనిపించినట్టు కాదు. పడమటికి పోయేకొద్దీ చంద్రుడి వయసు గంటలు పెరుగుతుంది. మత్లా తేడా అని ఉలమా చెప్పే మాటకు వెనక ఉన్న ఖగోళం ఇదే.

అసలు నెలవంకే ఎంత సన్ననిదో చూడండి. సూర్యుడి నుంచి చంద్రుడు పది డిగ్రీల దూరంలో ఉన్నప్పుడు నెలవంక నడుమ మందం 14 ఆర్క్‌సెకన్లు మాత్రమే, కంటి హద్దులో నాలుగో వంతు. ఏడు డిగ్రీల దగ్గర సగానికి తగ్గిపోతుంది. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దాంజోన్ 1930లలో చెప్పిన హద్దు కూడా ఆ ఏడు డిగ్రీల దగ్గరే. అంతకంటే తక్కువైతే కంటికి కనిపించదన్నాడు. చంద్రుడి కొండల నీడలు కొసలను తినేస్తాయని ఆయన అనుకున్నాడు. 1983లో మెక్‌నాలీ అనే ఆయన, కాదు, భూమి గాలి వణుకే ఆ సన్నని కొసలను చెరిపేస్తుందన్నాడు. కొస మందం ఒక ఆర్క్‌సెకను కంటే తక్కువైనప్పుడు, రెండు మూడు ఆర్క్‌సెకన్ల వణుకు దాన్ని ఆకాశంలో కలిపేస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు వెలుగు తేడాయే అసలు కారణమన్నారు. ఈ వాదం ఇంకా నడుస్తోంది. నాకైతే చివరివాళ్ల మాటే బలంగా అనిపిస్తుంది. కంటితో చూసేటప్పుడు గాలి వణుకు కంటే, వెలుగున్న ఆకాశంలో పేలవమైన గీతను వేరు చేయలేకపోవడమే మనల్ని ఓడిస్తుంది.

అందుకని ఈసారి మీవాళ్లెవరైనా ఆ సాయంత్రం విమానంలో ఉంటే, సీటు ఇంజిన్‌కు ముందు వైపు తీసుకోమనండి. క్యాబిన్ లైటు కనబడకుండా దుప్పటితోనో ఓణీతోనో కిటికీ చుట్టూ మూసి, తల జరిపి చూడమనండి. కనిపిస్తే టైము, విమానం అప్పుడు ఏ ప్రాంతం మీద ఉందో (సీటు ముందు స్క్రీన్ మీద మ్యాపు ఉంటుంది), కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయో రాసుకోమనండి. సూర్యుడు మునిగిన వైపుకు వంపు ఉండాలి, కొమ్ములు దానికి ఎదురు వైపు. దిగాక ఫోను మాకు కాదు, ముందు కమిటీకి చేయమనండి.

ఇంట్లో పిల్లలకు సుడులు చూపించాలంటే, రాత్రి లైట్లు ఆపి ఒక కొవ్వొత్తి వెలిగించండి. నాలుగైదు అడుగుల దూరం నుంచి ఫోన్ టార్చ్ దాని మీద వేస్తే వెనక తెల్ల గోడ మీద మంట పైన పాములా పాకే నీడలు కనిపిస్తాయి. ఆ నీడ వేడి గాలిది. పక్క నుంచి మెల్లగా ఊదమనండి, ఎలా ముక్కలవుతుందో వాళ్లే చూస్తారు.